పాత కార్లు, పాఠకుల ప్రశ్నలు: ఎడమ పక్కకు కుంగిన స్పిట్‌ఫైర్

ప్రశ్న: నా దగ్గర 1969 నాటి ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ మార్క్ 3 కారు ఉంది. ఎనిమిదేళ్ల క్రితం చెన్నైలో కొని అనంతపురం తెచ్చుకున్నాను. రెండేళ్లుగా వెనుక ఎడమ పక్క కొద్దికొద్దిగా కుంగుతూ వచ్చి, ఆ చక్రం పైభాగం లోపలికి వాలింది; టైరు లోపలి అంచు నున్నగా అరిగిపోయింది. గేరు వేసి క్లచ్ వదలగానే వెనుక నుంచి ‘టంగు’మని ఒక దెబ్బ వినిపిస్తుంది. యాక్సిలరేటర్ తొక్కితే కారు ఎడమకు, వదిలితే కుడికి లాగుతుంది. మొదట షాక్ అబ్జార్బర్లు రెండూ మార్పించాను, గుణం కనిపించలేదు. తరువాత లారీల కమాన్లు కట్టే షాపులో ఒక పట్టీ అదనంగా వేయించాను. దాంతో కారు వెనుక భాగం పైకి లేచింది కానీ, ఎడమ వైపు ఇప్పటికీ కుడి కంటే వేలెడు తక్కువగానే ఉంది. పోయిన నెల కడప నుంచి రాయచోటి వెళ్తూ గువ్వలచెరువు ఘాట్‌లో ఒక మలుపు మధ్యలో యాక్సిలరేటర్ వదిలితే వెనుక భాగం పైకి లేచి పక్కకు జారింది. ఎక్కడ మొదలుపెట్టాలి?
ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: మొదలుపెట్టే ముందు ఆ అదనపు పట్టీ తీయించండి, తీసేదాకా కారును ఘాట్ రోడ్డు ఎక్కించకండి. మీ కారుకు ఉన్నవి రెండు వేర్వేరు జబ్బులు. ఘాట్‌లో మిమ్మల్ని భయపెట్టిన మూడోది మాత్రం వైద్యం వల్ల వచ్చింది.

షాక్ అబ్జార్బర్లు మార్చినా గుణం కనిపించకపోవడంలో ఆశ్చర్యం లేదు. కారు బరువును మోసేది కమాన్ కట్ట, అంటే ఉక్కు పట్టీలను ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టిన స్ప్రింగు. షాక్ అబ్జార్బర్ చేసే పనల్లా ఆ కట్ట ఊగిసలాటను అణచడమే కనుక, కొత్తది వేసినంత మాత్రాన కుంగిన కారు లేచి నిలబడదు. మీ స్పిట్‌ఫైర్‌లో లారీలలో లాగా పక్కకొక కట్ట ఉండదు. ఒకే ఒక కట్ట అడ్డంగా, డిఫరెన్షియల్ (ఇంజను శక్తిని రెండు వెనుక చక్రాలకూ పంచే గేర్ల పెట్టె) నెత్తిన, స్టడ్లతో బిగించి ఉంటుంది. దాని రెండు కొసలు ఎడమ, కుడి చక్రాల వర్టికల్ లింకుల (చక్రాన్ని పట్టి ఉంచే నిలువు ముక్కల) పైభాగాన్ని పట్టుకుంటాయి. డిఫరెన్షియల్ ఛాసిస్‌కు బిగిసి ఉండగా, దాని రెండు పక్కల నుంచి క్రాస్ జాయింట్ల (ఎటైనా వంగే కీళ్ల) ద్వారా, చక్రాలను తిప్పే కడ్డీలైన హాఫ్ షాఫ్ట్‌లు బయలుదేరి, చక్రంతో పాటు పైకీ కిందికీ ఊగుతాయి. హాఫ్ షాఫ్ట్ బయటి కొసన ఇంకో క్రాస్ లేదు కాబట్టి షాఫ్ట్ ఎటు వంగితే చక్రం అటే వాలుతుంది. కారు కుంగితే చక్రం పైభాగం లోపలికి వస్తుంది, కారు లేస్తే చక్రం అడుగుభాగం లోపలికి వస్తుంది. ఈ ఒక్క సంగతి మనసులో ఉంచుకుంటే మీ ఉత్తరంలోని లక్షణాలలో సగం వాటంతట అవే విడిపోతాయి.

కట్ట ఒకటే అయినప్పుడు ఒక్క పక్కే ఎందుకు కుంగిందని మీకు సందేహం రావచ్చు. నడుము దగ్గర గట్టిగా బిగించి ఉండటం వల్ల దాని ఎడమ సగం, కుడి సగం దేని బరువు అది మోస్తాయి. ఎడమ సగంలో ఒక పట్టీ చిట్లితే కుడి పక్కకు ఆ సంగతే తెలియదు. పైగా మన కార్లలో నడిపే మనిషి కుడి వైపు కూర్చుంటాడు. ఒంటరిగా తిరిగే మనిషి బరువుకు కుంగవలసింది కుడి పక్క. కుంగింది ఎడమ పక్క అయితే కట్ట ముసలిదైందని సరిపెట్టుకోవడానికి వీల్లేదు, అక్కడ ఏదో విరిగింది లేదా పగిలింది.

కొలత తీసేటప్పుడు చాలామంది చేసే పొరపాటు ఒకటి ఉంది. జాకీ మీద లేపిన స్పిట్‌ఫైర్‌ను కిందికి దించితే చక్రాల అడుగులు లోపలికి ముడుచుకునే ఉంటాయి, టైర్ల రాపిడి వల్ల కారు ఎత్తుగానే నిలిచిపోతుంది. దించిన వెంటనే కొలిస్తే ఆ అంకె అబద్ధం. కారును చేత్తో పది, పన్నెండు అడుగులు ముందుకీ వెనక్కీ నెట్టి, వెనుక భాగాన్ని రెండు మూడు సార్లు అదిమి వదిలి, సీట్లలో ఇద్దరు మనుషుల బరువు ఉంచి అప్పుడు కొలవండి. ఇంటి ముందు పరిచిన కడప బండలు చూడటానికి చదునుగా ఉన్నా, వాన నీరు పోవడానికి తాపీ మేస్త్రీ ఒక పక్కకు వాటం పెట్టే ఉంటాడు. గోడలు కట్టేవాళ్లు వాడే నీళ్ల గొట్టంతో నాలుగు చక్రాల కింద మట్టం సరిచూసుకున్నాకే, చక్రం నడుమ నుంచి మడ్‌గార్డ్ అంచు దాకా ఎంత ఎత్తుందో రెండు పక్కలా రాసుకోండి.

తరువాత కమాన్ కట్ట సంగతి. సీట్ల వెనుక నేలలో ఒక మూత ఉంటుంది, దాన్ని విప్పితే కట్ట నడుమును పట్టిన స్టడ్లు కనిపిస్తాయి. కొసల బోల్టులు విప్పే ముందు కారును స్టాండ్ల మీద నిలిపి, వర్టికల్ లింక్ కింద జాకీ ఆనించి ఉంచాలి. చక్రం ఎంత కిందికి దిగవచ్చో ఆపేది షాక్ అబ్జార్బరే కాబట్టి, జాకీ ఆసరా లేకుండా దాన్ని విప్పితే బరువంతా బ్రేకు గొట్టం మీద పడి అది తెగుతుంది. చక్రం వేలాడుతున్నా కట్టలో బిగువు ఇంకా మిగిలే ఉంటుంది, ముఖం దగ్గర పెట్టి బోల్టు కొట్టకండి. విప్పక ముందే ఏ కొస ఎడమది, ఏ అంచు ముందుది అన్నది రంగుతో గుర్తు పెట్టుకోండి, ఎందుకంటే కట్టను తిప్పి వేస్తే వంపు మారిపోతుంది. ఆ తరువాత కట్టను ఒక పక్కకు లాగితే బయటికి వస్తుంది.

పట్టీలు విడదీసి, తుప్పు గీకి, కిరోసిన్‌లో ఒక రాత్రి నానబెట్టండి. పొద్దున బట్టతో పొడిగా తుడిచి, సుద్దపొడిని నీళ్లలో కలిపి పల్చగా పూసి ఎండనివ్వండి. చిట్లిన చోట లోపల దాగిన కిరోసిన్ మెల్లగా పైకి ఊరి, తెల్లటి సుద్ద మీద వెంట్రుక మందాన నల్లటి గీతగా కనిపిస్తుంది. బిగింపు పలక అంచు కింద, అంటే నడుము నుంచి జానెడు దూరం లోపల, ఎక్కువగా చూడండి. వంపు అక్కడే పుడుతుంది కనుక చిట్లడం కూడా అక్కడే మొదలవుతుంది. పట్టీల కొసల మధ్య ఉండే బొత్తాలు అరిగిపోయి ఇనుము ఇనుమును రాస్తున్నదా అన్నది కూడా గమనించండి. చిట్లిన పట్టీకి వెల్డింగ్ చేస్తామనే వారి మాట వినకండి. స్ప్రింగు ఉక్కును ఎర్రగా కాల్చితే దాని పదును పోతుంది, మళ్లీ నూనెలో చల్లార్చి సరైన వేడిలో పదును పెట్టే కొలిమి లేని చోట అది మెత్తటి ఇనుపబద్దగా మిగులుతుంది. చల్లగానే సుత్తితో కొట్టి వంపు తెప్పించినా కొన్నాళ్లకే దిగిపోతుంది. మీ కారుకు సరైన కొత్త కట్ట తెప్పించుకోవడమే ఖర్చు తక్కువైన దారి. ట్రయంఫ్ వారిదే అయిన హెరాల్డ్ కారు కట్ట దొరికింది కదా అని మీ కారులో వేయకండి. అమరిక ఒకే తీరుదైనా, నలుగురు కూర్చునే కారు బరువుకు చేసిన వంపు వేరు.

లారీ షాపు వారు వేసిన పట్టీ వల్ల ఏం జరిగిందంటే, కారు లేచి, చక్రాల అడుగులు లోపలికి వచ్చాయి. అలా నిలబడ్డ కారు మలుపులో బయటి చక్రం మీదికి ఒరిగి, అదే సమయంలో మీరు యాక్సిలరేటర్ వదిలితే వెనుక భాగం తేలికపడి ఇంకా పైకి లేస్తుంది. అడుగు మరింత లోపలికి ముడుచుకుంటుంది, టైరు పక్కకు జారుతుంది. లారీకి వచ్చిన చేయి తిరిగిన పనివాడే ఈ కారు దగ్గర పొరబడతాడు. లారీలో ఎత్తు పెరిగితే చక్రం నిటారుగానే ఉంటుంది కాబట్టి ఆయన అనుభవంలో ఇది లేదు.

ఇక రెండో జబ్బు, ఆ లాగుడూ ఆ శబ్దమూ. ప్రతి వెనుక చక్రానికీ వర్టికల్ లింక్ నుంచి ముందుకు, బాడీ మీది బ్రాకెట్ దాకా రేడియస్ ఆర్మ్ అనే ఒక కడ్డీ ఉంటుంది. చక్రం ముందుకూ వెనక్కూ కదలకుండా పట్టి ఉంచేది అదే. దాని రెండు కొసల్లోని రబ్బరు బుష్‌లు అనంతపురం ఎండలకు గట్టిపడి పగులుతాయి. ఎడమ బుష్ పోయిందనుకోండి: తొక్కినప్పుడు ఎడమ చక్రం ముందుకు జరిగి, క్రాస్ చుట్టూ తిరిగి కుడి వైపు చూస్తుంది, కారు తోకను కుడికి నెడుతుంది, ముక్కు ఎడమకు పోతుంది. వదిలినప్పుడు ఇదంతా తిరగబడుతుంది. మీరు రాసిన లాగుడు దిశలు సరిగ్గా ఎడమ ఆర్మ్‌నే చూపిస్తున్నాయి. శబ్దం మాత్రమే ఉండి లాగుడు లేకపోతే నేను ముందు క్రాస్ జాయింట్‌ను అనుమానించి ఉండేవాడిని.

రూఢి చేసుకోవడానికి, కారు నేల మీద ఉండగా మొదటి గేరులో వేసి, ఒకరు వెనుక నుంచి ముందుకూ వెనక్కూ ఊపుతూ ఉంటే, మీరు పక్క నుంచి టార్చ్ వేసి ఆర్మ్ ముందు కొసను చూడండి. బోల్టు ఒక వైపు, ఆర్మ్ ఒక వైపు కదిలితే బుష్ పోయినట్టే. బుష్ బాగుండి బ్రాకెట్టే ఊగుతుంటే అక్కడ బాడీ తుప్పు పట్టింది. అప్పుడు పని మెకానిక్‌ది కాదు, వెల్డర్‌ది. బ్రాకెట్ వెనుక పలచటి రేకులు ఉంటాయి, ఒక్కటి కూడా పోగొట్టవద్దు, ఏ పక్క ఎన్ని ఉన్నాయో రాసుకోండి. చక్రం నేరుగా చూసేలా సర్దేవి అవే.

చేయి పెట్టినప్పుడే వర్టికల్ లింక్ అడుగున ఉండే ట్రునియన్ అనే కీలును కూడా చూడండి. దాని నైలాన్ బుష్‌లు అరగడం మామూలే, దాని పొడవాటి బోల్టు లోపలి ఇనుప గొట్టానికి తుప్పుతో అతుక్కుపోవడం కూడా మామూలే. దానికంటే నన్ను ఎక్కువ కలవరపెట్టేది హాఫ్ షాఫ్ట్ బయటి కొస. అక్కడ సూది బేరింగ్ షాఫ్ట్ మీదే దొర్లుతుంది. గ్రీజు అందకపోతే షాఫ్ట్ గాడి పడి, ఒకనాడు తెగితే హబ్‌తో (చక్రాన్ని బిగించే నడిమి భాగంతో) సహా చక్రం బయటికి వచ్చేస్తుంది. గ్రీజు నిపుల్ లేదే అని వదిలేసేవాళ్లను చాలామందిని చూశాను. అక్కడ ఒక చిన్న మర ఉంటుంది, దాన్ని తీసి, నిపుల్ బిగించి, గ్రీజు కొట్టి, మళ్లీ మరే వేయాలి. ఎక్కువ కొడితే గ్రీజు బ్రేకు షూల మీదికి కారుతుంది. హబ్ ఊడదీయడానికి గట్టి పుల్లర్ కావాలి. పని నేర్చుకునే రోజుల్లో నేను పుల్లర్ కోసం ఎదురుచూడలేక వెనుక నుంచి సుత్తితో కొట్టి, హబ్ అంచు వంచి, కొత్త హబ్ దొరికేదాకా నాలుగు నెలలు ఆ కారును షెడ్డులో ఉంచాను. యజమాని వారానికోసారి వచ్చి, ఏమీ అనకుండా, దాని వంక చూసి వెళ్లేవారు.

అన్నీ అమర్చాక ఒక జాగ్రత్త. రబ్బరు బుష్‌ల బోల్టులను చక్రాలు వేలాడుతుండగా బిగించకూడదు. చేతి బిగువుతో వదిలి, కారును దించి, నెట్టి, ఇద్దరి బరువుతో కూర్చోబెట్టాక పానాతో పూర్తిగా బిగించాలి. అలా చేయకపోతే కారు దిగగానే రబ్బరు మెలిపడి, ఆ మెలికలోనే రోజంతా ఉండి, కొత్త బుష్ కూడా కొద్ది నెలలకే చిరిగిపోతుంది. టైరు లోపలి అంచు అరిగిపోయింది కాబట్టి వెనుక టైర్లు రెండూ మార్చాకే మళ్లీ ఎత్తు కొలవండి.

ప్రశ్న: నాదీ మార్క్ 3 స్పిట్‌ఫైరే. కట్ట మార్చేటప్పుడు తరువాతి మోడల్ కట్ట వేస్తే మలుపుల్లో భయం ఉండదని ఒక మిత్రుడు అంటున్నారు. నిజమేనా?
ఒక పాఠకురాలు, కడప

జవాబు: మీ మిత్రుడు చెప్పింది నిజమే, కానీ సగమే. 1970లో వచ్చిన మార్క్ 4లో ట్రయంఫ్ వారు కట్టలోని ఒక్క పట్టీనే గట్టిగా బిగించి, మిగిలినవి నడుము మీద ఊగేలా చేశారు. దాంతో రెండు చక్రాలూ కలిసి కదిలినప్పుడు కట్ట ఎప్పటిలాగే బరువు మోస్తుంది, కారు ఒక పక్కకు ఒరిగినప్పుడు మాత్రం అంతగా ఎదిరించదు కాబట్టి చక్రం అడుగు ముడుచుకోవడం బాగా తగ్గుతుంది. అయితే వెనుక తగ్గిన ఆ ఎదురును ముందు భాగంలో పూడ్చాలి. అందుకే వారు ముందు యాంటీ రోల్ బార్‌ను (కారు ఒరగడాన్ని ఎదిరించే అడ్డ కడ్డీని) కూడా లావు చేశారు. కట్ట ఒక్కటే మార్చి బార్ మార్చకపోతే కారు మలుపుల్లో విపరీతంగా ఒరుగుతుంది. రెండూ కలిపి తెప్పించుకోగలిగితే చేయించండి, లేకపోతే పాత తరహా కొత్త కట్టతో, మలుపుకు ముందే వేగం తగ్గించి, మలుపులో యాక్సిలరేటర్‌ను కొద్దిగా తొక్కి ఉంచి నడపండి.

ప్రశ్న: మా నాన్నగారి స్టాండర్డ్ హెరాల్డ్ వెనుక సస్పెన్షన్ పాడైంది. అది తీసేసి, వేరే కారు ఇరుసు మొత్తంగా వేస్తానంటున్నాడు మెకానిక్. ఒప్పుకోవచ్చా?
ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: ఆలోచన కొత్తదేమీ కాదు. 1961 నుంచి మద్రాసులో హెరాల్డ్ తయారుచేసిన కంపెనీయే, ఈ ఊగే ఇరుసు మన కొనుగోలుదారులకూ మెకానిక్‌లకూ నచ్చలేదని, తరువాత వచ్చిన గెజెల్ కారులో మామూలు ఇరుసు పెట్టింది. కానీ వారు దాన్ని ఛాసిస్‌కు తగ్గట్టు తీర్చి పెట్టారు. మీ మెకానిక్ కోసి అతికిస్తారు. హెరాల్డ్ ఛాసిస్ వెనుక భాగం డిఫరెన్షియల్‌ను పట్టుకోవడానికి కట్టింది, రెండు పక్కల కమాన్ల తోపుడును ఓర్చుకోవడానికి కాదు. పైన చెప్పిన పరీక్షలన్నీ మీ కారుకూ వర్తిస్తాయి, ఆ వరుసలో ఒకసారి చూడమనండి. ఆయన ఒప్పుకోకపోతే, తాను చిన్నప్పుడు హెరాల్డ్ టాక్సీల మీద పని నేర్చుకున్నానని చెప్పే పెద్ద వయసు మెకానిక్ ఎవరైనా మీ ఊళ్లో ఉన్నారేమో విచారించండి.