మా గల్లీ కండక్టర్ సారు

"మీ ఏరియాలో ఈ మధ్య పోయిన పెద్దవాళ్లను ఎలా గుర్తుచేసుకుంటున్నారు?" అని అడిగారు. మా దగ్గరైతే ఫ్లెక్సీ కట్టి, వాట్సాప్ గ్రూపులో దండం పెట్టే బొమ్మ వేసి గుర్తుచేసుకుంటున్నాం. తొమ్మిదింటికి ఓం శాంతి, తొమ్మిదీ పదికి దాని కిందే శంకర్‌పల్లిలో ప్లాట్లు, గజం ఇంత అని.

నాకు అసలు మంట అది కాదు. పోయినవాళ్లందరినీ ఒకే మూసలో పోసేస్తున్నాం. మృదుస్వభావి, అజాతశత్రువు, అందరికీ తలలో నాలుక. హైదరాబాద్ రామ్‌నగర్‌లో మా గల్లీలో ఏడాదిలో నలుగురు పెద్దవాళ్లు పోతే నలుగురికీ ఇవే మాటలు. అందులో ఒకాయన నిజాం కాలంలో ఉర్దూ మీడియంలో చదివినవాడు. చక్కగా తెలుగు మాట్లాడుతూ మాట్లాడుతూ లెక్కల దగ్గరికొచ్చేసరికి గ్యారా, బారా అని ఉర్దూలోకి దిగేవాడు, సంతకం కూడా ఉర్దూలోనే. నిజాం సొంత డబ్బు హాలీ సిక్కా ఖర్చుపెట్టిన మనిషి. ఆ ఒక్క ముక్క ఫ్లెక్సీ మీద వేయించవచ్చు కదా? గల్లీ లీడర్ల ఫొటోలకే చోటు చాలలేదు.

ఇంక మా కండక్టర్ సారు. ఆర్టీసీలో డబుల్ డెక్కర్ మీద చేశాడు, సికింద్రాబాద్ నుంచి జూపార్కుకి వెళ్లే 7జెడ్. పైకీ కిందికీ మెట్లెక్కి దిగీ మోకాళ్లు అరిగాయని రోజూ చెప్పేవాడు. 2023లో ట్యాంక్‌బండ్ మీద కొత్త కరెంటు డబుల్ డెక్కర్లు తెచ్చినప్పుడు పట్టుబట్టి ఎక్కి చూసొచ్చి, "బస్సా అది? ఏసీ, అద్దాలు! ఆల్విన్ వాడు ఫ్రిజ్‌లు చేసిండు, బస్సు బాడీలు చేసిండు గానీ రెండూ కలిపి చెయ్యలే" అన్నాడు.

ఆయన నోరు మంచిది కాదు. మాకు నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. ఆ టైముకి చేతికర్ర పట్టుకుని గల్లీ అంతా తిరిగి ఎవరింట్లో నల్లా నీళ్లు లాగే మోటారు మోగుతోందో విని, గేటు ముందు నిలబడి అరిచేవాడు. నన్నూ అరిచాడు. ఒకసారి మా బావమరిది ముందు, పండగ రోజు. తప్పు నాదే అనుకోండి.

అలాంటాయనకి పదకొండో రోజు సంతాప సభ పెట్టారు. మైకు తీసుకున్న ప్రతివాడూ "ఏనాడూ ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు" అంటుంటే, వెనక కుర్చీలో కూర్చున్న మా ఇస్త్రీ ఆమె ఫక్కున నవ్వింది. అందరూ తిరిగి చూశారు. "నన్ను తిట్టని రోజేది సారూ? కాలర్ సరిగ్గ రాలేదని తిట్టె, ఆలస్యమైందని తిట్టె" అంటూ కొంగు ముడి విప్పి ఒక చీటీ తీసింది. కరెంటు బిల్లు చించిన ముక్క. దాని వెనక 40 అని రాసి చుట్టూ సున్నా చుట్టి ఉంది.

సిటీ బస్సుల్లో తిరిగినవాళ్లకి చెప్పక్కర్లేదు. చిల్లర లేకపోతే కండక్టర్ టికెట్ వెనక అలాగే రాసిచ్చేవాడు, దిగేటప్పుడు గుర్తుచేసి మనం అడిగి తీసుకోవాలి (ఎన్నిసార్లు మర్చిపోయి దిగిపోయానో లెక్క లేదు). ఈయన రిటైరయ్యాక కూడా పాలవాడికీ పూలామెకీ అట్లాగే చీటీ ఇచ్చేవాడట. ఇస్త్రీ ఆమెకి పద్నాలుగు బట్టలకి నూట నలభై ఇవ్వాలి, వంద ఇచ్చి మిగతాది రేపు అన్నాడు. ఆ మర్నాడే పోయాడు.

సభలో ఎవరికీ ఏం మాట్లాడాలో తోచలేదు. పెద్దకొడుకు లేచొచ్చి జేబులోంచి నలభై తీసి ఇచ్చాడు. ఆమె తీసుకుంది, ఎందుకు తీసుకోదు, కష్టపడి చేసిన పని. ఆ తర్వాతే అసలు సభ మొదలైంది. నన్ను తిట్టాడంటే నన్ను తిట్టాడని ఒక్కొక్కరూ చెప్పడం మొదలుపెట్టారు, కోడలు కూడా నవ్వింది. పంతులుగారు టైమవుతోందని గడియారం చూసుకుంటుంటే కూడా ఎవరూ లేవలేదు.

మీరు అడిగినదానికి ఇది జవాబు అవుతుందో లేదో గానీ, సంతాప సభ పెడితే మైకు అందరికంటే ముందు ఇస్త్రీ ఆమెకో పనిమనిషికో ఇవ్వండి, అసోసియేషన్ ప్రెసిడెంటుకి చివర్లో ఇచ్చినా నష్టం లేదు.

మా గల్లీలో మూడో ఇంటివాళ్లు మళ్లీ మోటారు బిగించారు. మొన్న నల్లా వచ్చినప్పుడు మాకు ఒక్క బకెట్ నిండడానికి అరగంట పట్టింది.