రెండు రౌటర్ల మధ్య పాస్‌వర్డ్ అడగని ఎస్ఎస్‌హెచ్

ప్రశ్న: మా ఇంట్లో కింది అంతస్తులో ఒకటి, మేడ మీద ఒకటి రెండు రౌటర్లు ఉన్నాయి. రెండింటిలోనూ ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (రౌటర్లలో వేసుకునే లైనక్స్ ఆధారిత ఉచిత సాఫ్ట్‌వేర్) వేశాను. పై రౌటర్ సెట్టింగులను కింది రౌటర్ ప్రతి రాత్రీ ఎస్ఎస్‌హెచ్ (ఒక పరికరం నుంచి మరో పరికరంలోకి సురక్షితంగా లాగిన్ అయ్యే పద్ధతి) ద్వారా తనంతట తాను తెచ్చి దాచుకోవాలి. లైనక్స్ కంప్యూటర్లలో చేసినట్టే పబ్లిక్ కీని (పాస్‌వర్డ్‌కు బదులు వాడే కీల జతలో అవతలి పరికరానికి ఇచ్చేది; తన దగ్గరే దాచుకునేది ప్రైవేట్ కీ) పై రౌటర్‌లో, పూర్తి అధికారాలున్న రూట్ ఖాతాకు చెందిన ఎస్ఎస్‌హెచ్ ఫోల్డర్‌లో పెట్టాను. అయినా పాస్‌వర్డ్ అడుగుతూనే ఉంది. పొరపాటు ఎక్కడ జరిగింది?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: మీరు కీని పెట్టిన చోటే పొరపాటు. కంప్యూటర్లలో ఎస్ఎస్‌హెచ్ పనిని సాధారణంగా ఓపెన్ఎస్ఎస్‌హెచ్ అనే ప్రోగ్రామ్ చూస్తుంది కానీ, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో మెమరీ తక్కువగా ఉన్న పరికరాల కోసం రాసిన డ్రాప్‌బేర్ అనే చిన్న ప్రోగ్రామ్ ఆ పని చేస్తుంది. అది రూట్ ఖాతా కోసం ఈటీసీ కింద ఉన్న డ్రాప్‌బేర్ ఫోల్డర్‌లోని ఆథరైజ్డ్ కీస్ ఫైల్‌ను చూస్తుంది. ఆ ఫైల్‌ను చేత్తో దిద్దడం ఇష్టం లేకపోతే, పై రౌటర్ వెబ్ పేజీలో సిస్టమ్, అడ్మినిస్ట్రేషన్ కింద ఉన్న ఎస్ఎస్‌హెచ్ కీస్ పేజీలో పబ్లిక్ కీని అతికించి సేవ్ చేస్తే చాలు. కీ మొత్తం ఒకే వరుసలో ఉండాలి. కాపీ చేసేటప్పుడు మధ్యలో వరుస విరిగితే అది పనిచేయదు.

కీల జతను అడిగే వైపున, అంటే కింది రౌటర్‌లోనే, డ్రాప్‌బేర్‌కీ ఆదేశంతో ఈడీ25519 రకంలో తయారుచేయండి. ల్యాప్‌టాప్‌లో చేసిన ప్రైవేట్ కీని తెచ్చి పెట్టకండి, ఎందుకంటే ఓపెన్ఎస్ఎస్‌హెచ్ ఫార్మాట్ వేరు, దాన్ని మార్చుకోవలసి వస్తుంది. కీని రూట్ ఎస్ఎస్‌హెచ్ ఫోల్డర్‌లో ఐడీ డ్రాప్‌బేర్ అనే పేరుతో దాచండి (రెండు మాటల మధ్య అండర్‌స్కోర్ ఉంటుంది). డ్రాప్‌బేర్ క్లయింట్ మామూలుగా వెతికేది ఆ పేరునే. వేరే పేరు పెడితే మైనస్ ఐ గుర్తుతో ఆ ఫైల్‌ను చూపించాలి. రాత్రిపూట నడిచే స్క్రిప్ట్‌లో మాత్రం ఏ పేరు పెట్టినా మైనస్ ఐతో పూర్తి దారి రాయడమే మేలు.

అప్పటికీ పాస్‌వర్డ్ అడిగితే పై రౌటర్‌లో లాగ్‌రీడ్ ఆదేశంతో లాగ్ చూడండి. ఫోల్డర్‌లో గ్రూపుకో ఇతరులకో రాసే అనుమతి ఉంటే డ్రాప్‌బేర్ కీని ఒప్పుకోదు, ఆ సంగతి లాగ్‌లో కనిపిస్తుంది. ఫైల్‌కు 600, ఫోల్డర్‌కు 700 అనుమతులు ఇస్తే సరిపోతుంది. స్క్రిప్ట్‌కు అప్పగించే ముందు ఒకసారి మీ చేతులతో కనెక్ట్ అవ్వండి. అవతలి రౌటర్ గుర్తింపును నమ్మాలా అని మొదటిసారి వచ్చే ప్రశ్నకు రాత్రివేళ జవాబిచ్చే మనిషి ఉండరు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. డ్రాప్‌బేర్ ప్రైవేట్ కీకి రహస్యపదంతో రక్షణ పెట్టే వీలు లేదు. కింది రౌటర్ ఎవరి చేతికి చిక్కితే వారికి పై రౌటర్‌లో పూర్తి అధికారం వస్తుంది. కాబట్టి ఆథరైజ్డ్ కీస్‌లో మీ కీకి ముందు కమాండ్ అనే షరతు రాసి, బ్యాకప్‌ను నేరుగా బయటికి పంపే సిస్‌అప్‌గ్రేడ్ ఆదేశాన్ని (మైనస్ బీ, ఆ తర్వాత ఒక మైనస్) పూర్తి దారితో అందులో ఇవ్వండి. అప్పుడు ఆ కీతో వచ్చి ఎవరు ఏ ఆదేశం ఇచ్చినా నడిచేది బ్యాకప్ ఒక్కటే. అందులోనూ మీ వైఫై పాస్‌వర్డ్ ఉంటుంది కాబట్టి దాచే చోటు విషయంలో జాగ్రత్త అవసరం. కింది రౌటర్ టెంప్ ఫోల్డర్‌లో దాచితే రీబూట్‌తో పోతుంది, యూఎస్‌బీ డ్రైవ్ మంచిది.

కీతో రెండు మూడు సార్లు సాఫీగా కనెక్ట్ అయ్యేదాకా పాస్‌వర్డ్ లాగిన్‌ను ఆపేయకండి. ఆపాక పై రౌటర్‌లోకి వెళ్లడానికి మీ ల్యాప్‌టాప్ కీ కూడా అందులో చేర్చి ఉండాలి. చివరగా, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేసినప్పుడు రూట్ ఎస్ఎస్‌హెచ్ ఫోల్డర్ చెరిగిపోతుంది. కింది రౌటర్‌లో ఈటీసీ కింద ఉన్న సిస్‌అప్‌గ్రేడ్ కాన్ఫ్ ఫైల్‌లో ఆ ఫోల్డర్ దారిని ఒక వరుసగా చేర్చండి.