నార్తర్న్ లైట్స్ కంటికి ఫోటోల్లో లాగే కనిపిస్తాయా? వాటి గురించి చెప్పే కథల్లో నిజమెంత?

మీ ప్రశ్నలో మూడు ముక్కలున్నాయి. డిసెంబర్‌లో నార్వేలోని ట్రామ్సో వెళ్తే ఆకాశం ఫోటోల్లో ఉన్నంత ఆకుపచ్చగా కనిపిస్తుందా? అసలు ఆ వెలుగు ఎలా పుడుతుంది? వాటి కింద ఈల వేయకూడదని, జపాన్ జంటలు వాటి కింద రాత్రి గడిపితే అదృష్టవంతులైన పిల్లలు పుడతారని చెప్పే కథలు నిజంగా పాతవేనా? నేను ఫిన్లాండ్‌లో ఔలు అనే ఊళ్ళో టెలికాం ఉద్యోగం చేస్తున్నాను. 65 డిగ్రీల ఉత్తర అక్షాంశం, ఆర్కిటిక్ వలయానికి కాస్త కింద. చలికాలంలో ఆకాశం తెరిపి ఇచ్చి, సూర్యుడి మీద అలజడి కొంచెం ఎక్కువగా ఉంటే మా ఊరి నల్లికారి బీచ్ నుంచే కనిపిస్తాయి. ఇక్కడికి వచ్చే మనవాళ్ళందరూ అడిగే ప్రశ్నలే ఇవి కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు రంగు సంగతి. ఫోటోల్లో ఉన్నంత రంగు చాలా రాత్రులు కంటికి కనిపించదు. కంట్లో దండాలు, శంకువులు అని రెండు రకాల కణాలుంటాయని హైస్కూల్లో చదువుకున్నాం కదా. రంగులు పసిగట్టేవి శంకువులు, కానీ వాటికి వెలుతురు బాగా కావాలి. చీకట్లో పనిచేసే దండాలకు రంగు తెలియదు. అందుకని అరోరా (ఈ వెలుగులకి సైన్సులో పేరు) మామూలు స్థాయిలో ఉన్నప్పుడు అది బూడిదరంగు మబ్బులా, మహా అయితే లేత ఆకుపచ్చ ఛాయతో కనిపిస్తుంది. కెమెరా మాత్రం కొన్ని సెకన్ల పాటు వెలుతురు పోగేసుకుంటుంది కాబట్టి దానికి రంగు దొరుకుతుంది. మా అమ్మ విజయవాడ నుంచి వచ్చినప్పుడు బీచ్‌కి తీసుకెళ్ళి చూపిస్తే, "మబ్బేగా, దీనికోసమా ఇంత చలిలో?" అంది. ఫోన్ స్క్రీన్ మీద ఆకుపచ్చగా చూపిస్తే నేనేదో ఫిల్టర్ పెట్టాననుకుంది. ఓ పావుగంటకి ఆ "మబ్బు" ఉన్నట్టుండి నిలువు చారలుగా చీలి, తల మీదకి వచ్చి, అంచుల్లో గులాబీ రంగుతో కదలడం మొదలుపెట్టింది. అప్పుడు ఫోన్ అక్కర్లేకపోయింది. గట్టిగా వచ్చిన రాత్రి కంటికే రంగులు తెలుస్తాయి, మంచు మీద ఆకుపచ్చ వెలుతురు కూడా పడుతుంది. అలాంటి రాత్రి మీకు దొరుకుతుందా లేదా అన్నది అదృష్టమే. ఇంకో మాట, ఫోటో చూపించలేనిది ఆ కదలిక. అసలు అందం అందులోనే ఉంది.

ఇక సైన్స్. "సూర్యుడి నుంచి కణాలు వచ్చి ధ్రువాల దగ్గర గాలిని గుద్దుకుంటాయి" అని ఒక్క వాక్యంలో చెప్పేస్తుంటారు. అదే నిజమైతే వెలుగు పగటివైపు, సరిగ్గా ధ్రువం మీద ఎక్కువగా ఉండాలి. ఉండదు. అయస్కాంత ధ్రువం చుట్టూ ఒక వలయంలా ఏర్పడుతుంది. ఉత్తర నార్వే, ఫిన్లాండ్‌లోని ల్యాప్‌లాండ్, ఐస్‌లాండ్, కెనడాలో యెల్లోనైఫ్, అలాస్కాలో ఫెయిర్‌బ్యాంక్స్ ఆ వలయం కిందో, దాని పక్కనో ఉన్నాయి. సరిగ్గా ధ్రువం దగ్గర నిలబడితే ఇంతకంటే తక్కువే చూస్తారు. జరిగేది ఏమిటంటే, సూర్యుడి నుంచి ఎప్పుడూ వీచే విద్యుత్ కణాల ప్రవాహం, అంటే సౌర పవనం, భూమి అయస్కాంత క్షేత్రాన్ని రాత్రివైపు పొడవాటి తోకలా సాగదీస్తుంది. ఆ తోకలో శక్తి పోగవుతుంది. ఉండేలు రబ్బరు సాగదీసి వదిలినట్టు, అది ఒక హద్దు దాటగానే తటాలున వెనక్కి వస్తుంది. ఆ ఊపుతో ఎలక్ట్రాన్లు అయస్కాంత రేఖల వెంబడి భూమి వైపు దూసుకొస్తాయి. దారిలో ఆ అయస్కాంత రేఖల వెంబడే ప్రయాణించే ఆల్ఫ్వెన్ తరంగాలు అనేవి వాటికి ఇంకా వేగం ఇస్తాయని 2021లో అమెరికా శాస్త్రవేత్తలు ప్రయోగశాలలోనే చేసి చూపించారు. అంటే సూర్యుడు ఇచ్చేది ఇంధనం, మంట రాజేసేది మాత్రం భూమి అయస్కాంత క్షేత్రమే. బీచ్‌లో ఓ గంట ఏమీ లేకుండా కూర్చున్నాక ఒక్కసారిగా ఆకాశమంతా లేచి ఆడి, మళ్ళీ పది నిమిషాల్లో సద్దుమణగడానికి కారణం ఇదే.

ఇది తేలడానికి చాలా కాలం పట్టింది. 1741లో స్వీడన్‌లోని ఉప్సలలో హియోర్టర్, సెల్సియస్ (మన సెంటిగ్రేడ్ సెల్సియస్ గారే) ఆకాశంలో వెలుగు వచ్చినప్పుడల్లా దిక్సూచి ముల్లు కదులుతోందని గమనించారు. 1899లో నార్వే శాస్త్రవేత్త క్రిస్టియన్ బిర్కెలాండ్ ఆల్టా దగ్గర హాల్డే కొండ మీద, ఆ గాలుల్లో, అబ్జర్వేటరీ కట్టించాడు. తర్వాత గాలి తీసేసిన పెట్టెలో ఒక అయస్కాంత గోళం పెట్టి, దాని మీదకి ఎలక్ట్రాన్లు వదిలి, దాని ధ్రువాల చుట్టూ వెలుగు వలయాలు తెప్పించాడు. అంతరిక్షం నుంచి భూమి పై వాతావరణంలోకి నిలువుగా విద్యుత్ ప్రవాహాలు దిగుతాయని ఆయన చెప్తే, అంతరిక్షం ఖాళీ కదా అని పెద్దలు కొట్టిపారేశారు. ఆయన 1917లో టోక్యోలో చనిపోయాడు. ఆ ప్రవాహాలు ఉన్నాయని ఉపగ్రహాలు పైకి వెళ్ళాక గానీ తేలలేదు. ఇప్పుడు వాటిని బిర్కెలాండ్ ప్రవాహాలనే పిలుస్తారు.

రంగులు ఎందుకు వస్తాయన్నది అర్థమైతే కథల గుట్టు కూడా సగం విడిపోతుంది, అందుకే ఇక్కడ కొంచెం ఆగుతాను. ఎలక్ట్రాన్ తగిలిన ఆక్సిజన్ పరమాణువు కొంత శక్తి పుచ్చుకుని, తర్వాత దాన్ని వెలుగుగా వదిలేస్తుంది. ఆకుపచ్చ వెలుగు వదలడానికి దానికి ఒక సెకను లోపే చాలు. ఎరుపు వదలాలంటే మాత్రం దాదాపు 110 సెకన్లు పడుతుంది. కింద గాలి చిక్కగా ఉంటుంది, అంతసేపట్లో పక్క అణువు ఏదో వచ్చి తగిలి ఆ శక్తిని లాగేసుకుంటుంది. పైన, 200 కిలోమీటర్లు దాటాక గాలి పల్చన, కాబట్టి ఎరుపుకి తీరిక దొరుకుతుంది. ఆకుపచ్చ 100 నుంచి 150 కిలోమీటర్ల ఎత్తులో ఎక్కువ. అందుకే ఆకాశంలో వేలాడే ఆ వెలుగు తెరకి పైభాగం ఎరుపు, మధ్యలో ఆకుపచ్చ. బాగా బలంగా వచ్చిన ఎలక్ట్రాన్లు ఇంకా కిందకి దిగితే నైట్రోజన్ వల్ల కింది అంచు గులాబీ, ఊదా రంగులో మెరుస్తుంది. మా అమ్మ చూసింది అదే.

ఇప్పుడు దీనికి భూమి గుండ్రదనం కలపండి. 100 కిలోమీటర్ల ఎత్తులో ఉన్న ఆకుపచ్చ వెలుగు సుమారు 1,100 కిలోమీటర్ల అవతల దిగంతంలో కలిసిపోతుంది. 300 కిలోమీటర్ల ఎత్తులో ఉన్న ఎరుపు మాత్రం 1,900 కిలోమీటర్ల దూరం దాకా కనిపిస్తుంది. వలయం కింద బతికేవాళ్ళకి నెత్తి మీద కదిలే ఆకుపచ్చ తెర. ఎక్కడో దక్షిణాన ఉన్నవాళ్ళకి, ఎప్పుడో తరానికొకసారి, ఉత్తర దిక్కున కదలకుండా నిలిచిన ఎర్రటి కాంతి. ఒకటే వెలుగు, రెండు రకాల కథలు. నన్నడిగితే ఈ జానపదాల్లో గమనించాల్సింది ఇదే.

ఉత్తరం వాళ్ళ కథల్లో ఆ వెలుగు ప్రాణమున్నది. ఫిన్లాండ్‌లో కొండల మీద పరుగెత్తే నక్క తోకతో మంచును చిమ్మితే నిప్పురవ్వలు ఆకాశానికి ఎగిశాయంటారు. స్వీడన్ జాలర్లు సముద్రంలో హెర్రింగ్ చేపల గుంపుల తళుకు పైన మెరుస్తోందనుకునేవారు. అంటే మంచి చేపలవేట. ఆర్కిటిక్ ఆదివాసులైన ఇన్యూట్‌లలో కొందరు చనిపోయిన వాళ్ళ ఆత్మలు వాల్రస్ (పొడవాటి కోరలుండే సముద్ర జంతువు) పుర్రెతో బంతాట ఆడుతున్నాయంటారు. అలాస్కాలోని నునివాక్ దీవిలో ఇదే కథ తిరగబడి వినిపిస్తుంది, అక్కడ వాల్రస్‌లే మనిషి పుర్రెతో ఆడుకుంటాయట! నాకు అన్నిటికంటే నచ్చిన కథ ఇది.

మీరు అడిగిన ఈల సంగతి ఇక్కడి ఉత్తరాది ఆదివాసులైన సామీ జనానిది, అది నిజంగా పాతదే. వెలుగును వెక్కిరించకూడదు, ఈల వేసి పిలవకూడదు, పిలిస్తే కిందకి దిగొచ్చి ఎత్తుకుపోతుంది అని పిల్లలకి చెప్పేవాళ్ళు. మా ఆఫీసులో ఫిన్లాండ్ ఉత్తరపు కొసన ఉన్న ఉత్స్‌యోకి వైపు నుంచి వచ్చిన సామీ ఆవిడ ఒకరున్నారు. చిన్నప్పుడు బయట ఈల వేస్తే అమ్మమ్మ రెక్క పట్టుకుని ఇంట్లోకి లాక్కెళ్ళేదట. రాత్రిపూట ఈల వేస్తే పాములొస్తాయని మా ఊళ్ళో అనేవాళ్ళని నేను చెప్తే, ఆవిడకి అది చాలా సహజంగా అనిపించింది. ఇప్పుడు నమ్ముతారా అని అడిగాను. నమ్మను, కానీ వేయను అంది. టూర్ బస్సుల్లో గైడ్లు నవ్వుతూ అందరి చేతా ఈల వేయిస్తుంటారు. నాకది నచ్చదు. దీన్ని ఇంకా పట్టించుకునే మనుషులు అక్కడ ఉన్నారు, వాళ్ళ నేల మీదే మనం నిలబడి ఉంటాం.

దక్షిణానికి వచ్చేసరికి కథ అంతా నిప్పు, నెత్తురు. రోమ్‌లో టైబీరియస్ చక్రవర్తి కాలంలో ఆకాశం ఎర్రబడితే ఓస్టియా రేవుపట్నం తగలబడుతోందనుకుని సైనికులు సాయానికి పరుగెత్తారని రోమన్ తత్వవేత్త సెనెకా రాశాడు. జపాన్‌లో క్యోటో వాళ్ళు 1770 సెప్టెంబర్‌లో ఉత్తరాన విసనకర్రలా విచ్చుకున్న ఎర్రటి చారల బొమ్మ గీసి పెట్టారు. మన దేశానికీ ఇందులో వాటా ఉంది. 1872 ఫిబ్రవరి 4 నాటి సౌర తుఫానులో బొంబాయి నుంచి అరోరా చూసినట్టు నమోదైంది. 2024 మే 10, 11 తేదీల మధ్య రాత్రి లద్దాఖ్‌లోని హాన్లేలో భారతీయ ఖగోళ భౌతికశాస్త్ర సంస్థ కెమెరాలు ఆకాశపు అంచున ఎర్రటి కాంతిని పట్టాయి. ఆకుపచ్చ లేదు, ఎరుపు ఒక్కటే. ఎందుకో పైన చెప్పిన లెక్కే చెబుతుంది.

జపాన్ జంటల కథకి మాత్రం జపాన్ జానపదంలో ఆధారం లేదు. టూరిజం వాళ్ళు, టీవీ వాళ్ళు తిప్పి తిప్పి చెప్పి నిజం చేశారు. "వాల్కిరీల (నార్స్, అంటే పాత ఉత్తర యూరప్ పురాణాల్లోని యుద్ధ దేవకన్యల) కవచాల మెరుపు" అన్నది కూడా అలాంటిదే. వైకింగుల నాటి కథ అని బ్రోషర్లలో ఉంటుంది గానీ, పాత నార్స్ రచనల్లో దానికి స్పష్టమైన ఆధారం దొరకదు. నిజానికి 13వ శతాబ్దపు నార్వేలో "రాజుగారి అద్దం" అనే గ్రంథం ఉంది, తండ్రీకొడుకుల సంభాషణ. అందులో గ్రీన్‌లాండ్ వాళ్ళు చూసే వెలుగు గురించి తండ్రి దేవతల ఊసే ఎత్తడు. సముద్రాల అవతల మంటలేమో, దిగంతం కింద ఉన్న సూర్యకిరణాలేమో, మంచుగడ్డలు పగలు పీల్చుకున్న వెలుగు రాత్రి వదులుతున్నాయేమో అని మూడు ఊహలు చెప్తాడు. మూడూ తప్పే, కానీ మూడూ ప్రకృతిలోంచి వెతికిన కారణాలే.

శబ్దం వస్తుందా అని కూడా చాలామంది అడుగుతారు. ఇక్కడి ముసలివాళ్ళు చిటపట విన్నామంటారు. వెలుగు ఉన్న ఎత్తు నుంచి శబ్దం రావాలంటే అయిదు నిమిషాలు పైనే పడుతుంది, పైగా అక్కడ శబ్దాన్ని మోసేంత గాలి లేదు. అందుకే సైంటిస్టులు భ్రమ అనేవాళ్ళు. ఆల్టో యూనివర్సిటీకి చెందిన ఉంటో లైనె మైకులు పెట్టి రికార్డు చేసి, ఆ చప్పుళ్ళు నేలకి 70 మీటర్ల ఎత్తులోనే పుడుతున్నాయని 2012లో చెప్పారు. చలి రాత్రుల్లో చల్లగాలి మీద వెచ్చగాలి పొర ఏర్పడి, అక్కడ పోగైన విద్యుదావేశం విడుదలవుతుందని ఆయన వివరణ. అందరూ ఒప్పుకున్నారని అనలేను. నేనైతే ఎప్పుడూ వినలేదు. బీచ్‌లో గాలి హోరు, పక్కవాళ్ళ మాటలే సరిపోతాయి.

మీ ట్రిప్ గురించి. డిసెంబర్‌లో ట్రామ్సోలో సూర్యుడు ఉదయించడు, కాబట్టి చీకటికి కొదవ లేదు. సమస్యల్లా మబ్బులు. సముద్రం పక్క ఊరు కదా. అక్కడ ఒక్క రాత్రి పెట్టుకుని నిరాశపడేవాళ్ళే ఎక్కువ, కనీసం నాలుగు రాత్రులు ఉండేలా చూసుకోండి. స్వీడన్‌లోని అబిస్కోలో మబ్బులు తక్కువని పేరు. యాప్‌లో కేపీ సూచిక (భూమి అయస్కాంత క్షేత్రంలో అలజడిని 0 నుంచి 9 దాకా చెప్పే అంకె) 2 ఉందని దిగులు పడకండి, వలయం కిందే ఉంటారు కాబట్టి అదీ చాలు. అంతకంటే బీజెడ్ అనే అంకె (సౌర పవనంలోని అయస్కాంత క్షేత్రం ఉత్తరానికి ఉందో దక్షిణానికి ఉందో చెప్పేది) చూడండి, అది మైనస్‌లోకి దిగి అలాగే ఉంటే బయటికి పరుగెత్తండి. ఆ అంకె భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఎల్1 అనే చోట ఉన్న ఉపగ్రహాలు కొలిచి పంపేది, అంటే మీకు అరగంట నుంచి గంట వ్యవధి ఉన్నట్టు. మన శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబర్ 2న బయల్దేరిన ఆదిత్య-ఎల్1 కూడా 2024 జనవరి నుంచి ఆ ప్రాంతంలోనే ఉండి సూర్యుణ్ణి చూస్తోంది.

ఫోన్ లోపలి జేబులో పెట్టుకోండి, చలికి బ్యాటరీ ఠక్కున పడిపోతుంది. స్క్రీన్ వెలుతురు తగ్గించి, పదిహేను ఇరవై నిమిషాలు కళ్ళని చీకటికి అలవాటు పడనివ్వండి. ఊళ్ళో మబ్బుంటే తీరం వదిలి లోపలికి తీసుకెళ్ళే బస్సు టూర్లు ఉంటాయి, ఖరీదైనా అదే మేలు. తెరిపి వెతుక్కుంటూ ఒక్కోసారి ఫిన్లాండ్ సరిహద్దు దాటి కిల్పిస్‌యార్వి దాకా పోతాయి, అందుకని పాస్‌పోర్ట్ హోటల్లో వదిలేయకుండా వెంట ఉంచుకోండి.