నికాన్ కెమెరాకు వేలమా, స్థిర ధరా?

నమస్కారమండీ. మీ నాన్నగారి నికాన్ ఎఫ్ఎం2 కెమెరాను ఈబే అనే ఆన్‌లైన్ అమ్మకాల సైట్‌లో వేలానికి పెట్టాలా, ఒకే ధరకు అమ్మాలా అని అడిగారు. స్థిర ధరే మేలని నా గట్టి అభిప్రాయం. 1982లో వచ్చిన ఆ మోడల్ ఇప్పటికీ తరచుగా చేతులు మారుతూనే ఉంది కనుక, అమ్ముడైన వస్తువులను మాత్రమే చూపమని వెతికితే, కొన్నవారు నిజంగా చెల్లించిన మొత్తాలు తెలుస్తాయి. వేలంలో ఒకరు 300 డాలర్ల దాకా సిద్ధపడినా, రెండో వ్యక్తి 210 దగ్గర ఆగిపోతే పాట ఒక్క మెట్టు (సైట్ నిర్ణయించిన కనీస పెంపు) పైన, అంటే 212.50 దగ్గరే ముగుస్తుంది. ఒక్కరే పాడితే ప్రారంభ ధరకే వదులుకోవాలి. నాన్నగారి వస్తువును అలా పోగొట్టుకోకండి. విలువ అంచనాకు అందని అరుదైన వస్తువైతే వేలమే సరైనది. షట్టర్ అన్ని వేగాల్లోనూ పనిచేస్తున్నదా, లెన్సులో బూజు పట్టిందా అన్నది ఫోటోలతో సహా రాసి, బేరమాడే వీలు కూడా ఉంచండి.