జీవకణంలో అయస్కాంత నలుసు

ప్రశ్న: జీవకణం లోపల నీళ్లలా ఉంటుందా, జెల్లీలా ఉంటుందా? అంత చిన్నదాంట్లో ఎలా కొలుస్తారండీ?
– ఇంటర్ విద్యార్థిని, తెనాలి

జవాబు: చెంచా పెట్టి కలిపి చూడలేం కదమ్మా! 1940ల చివర్లో కేంబ్రిడ్జిలో ఫ్రాన్సిస్ క్రిక్ (అవును, డీఎన్ఏ నిర్మాణాన్ని కనుగొన్నవారిలో ఒకరైన క్రిక్కే), ఆర్థర్ హ్యూస్ కోడిపిండం కణాలను పెంచి, వాటి దగ్గర అయస్కాంత నలుసులు వేశారు. కణాలే వాటిని మింగేశాయి. నాకు అన్నిటికన్నా నచ్చేది ఈ ముక్కే. తర్వాత బయటి నుంచి అయస్కాంతంతో నలుసును మెలితిప్పి, వదిలేసి, మైక్రోస్కోపులో చూశారు. నలుసు కొంత వెనక్కి తిరిగింది, పూర్తిగా కాదు. ఉత్త నీళ్లయితే అసలు వెనక్కి రాదు; గట్టి జెల్లీ అయితే మొత్తం వచ్చేస్తుంది. అంటే లోపల రెండు గుణాలూ ఉన్నాయన్నమాట. ఊపిరితిత్తుల కఫం చిక్కదనాన్నీ ఇలాగే కొలుస్తారు, చిన్న బొట్టు చాలు.