ఉగాండా వెళ్తున్న మా పిల్లలకు

ప్రియమైన బాబుకి, అమ్మాయికి,

ప్రభువు నామంలో వందనాలు. ఉగాండాలో మసాకా పట్టణం వైపు పల్లెలో సేవకు మీ ప్రయాణం ఖాయమైందని పాస్టర్ గారు చెప్పగానే ప్రాణం లేచొచ్చింది. వాక్యం ఎలా చెప్పాలో మీకు నేను నేర్పక్కర్లేదు. ఇల్లు ఎలా గడుపుకోవాలో చెప్తాను. అక్కడి నుంచి మధ్యలోనే తిరిగొచ్చేసిన కుటుంబాలను అంకుల్, నేను చూశాం. వాళ్ళకి విశ్వాసం తక్కువై కాదు. నీళ్ళు, జ్వరాలు, డబ్బు టెన్షన్, పలకరించే మనిషి లేకపోవడం, వీటితో అలిసిపోయి వచ్చేశారు.

టూరిస్ట్ వీసా మీద వెళ్ళి సేవ మొదలుపెట్టొద్దు, ఎవరెంత ధైర్యం చెప్పినా సరే. మిమ్మల్ని పిలిచిన సంఘం ద్వారా పర్మిట్ రావాలి, నెలలు పట్టినా ఆగండి. ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందే వేయించుకోవాలి. హైదరాబాద్ నారాయణగూడలోని ప్రభుత్వ టీకాల సంస్థ ఐపీఎంలో వేస్తారు. టీకా వేశాక ఇచ్చే పసుపు కార్డు పాస్‌పోర్టుతోపాటే ఉంచండి, తిరిగొచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులోనూ అడుగుతారు.

అక్కడ మలేరియా ఏడాది పొడవునా ఉంటుంది. మన దగ్గర జ్వరం వస్తే ఒక మాత్ర వేసుకుని రెండు రోజులు చూస్తాం కదా, అక్కడ అలా చూడొద్దు. ఒళ్ళు వెచ్చబడిన రోజే రక్తపరీక్ష చేయించుకోవాలి. ప్రార్థన చేసుకుంటూనే క్లినిక్‌కి నడవండి. సెలవులకి ఇక్కడికి వచ్చాక జ్వరం తగిలినా, ఉగాండా నుంచి వచ్చామని డాక్టరుకి మొదటి మాటగా చెప్పండి.

ఇప్పుడు వంటింటి సంగతి. పల్లెలో బోరింగు దగ్గర 20 లీటర్ల పసుపు క్యాన్లు వరసలో పెట్టి, నింపుకుని ఇంటికి మోసుకోవాలి. అక్కడ ఆ పని ఆడవాళ్ళది, పిల్లలది. నాయనా, మీ ఇంట్లో నువ్వే మొయ్యి. ఊరు వింతగా చూస్తుంది, చూడనీ. నువ్వు మీటింగులకు ఊళ్ళు తిరుగుతుంటే అమ్మాయి ఒక్కతే క్యాన్లు మోసి, బొగ్గుల కుంపటి ఊదుకుంటూ కూర్చుంటే ఆ సేవ ఎన్నాళ్ళో సాగదు. కుంపటి ఎప్పుడూ ఆరుబయటే వెలిగించండి. వానొచ్చిందని తలుపులు మూసిన గదిలో పెడితే కంటికి కనబడని విషవాయువు ప్రాణాలు తీస్తుంది. ప్రెషర్ కుక్కర్ తీసుకెళ్ళండి, గాస్కెట్లు రెండు ఎక్కువే పెట్టుకోండి. కందిపప్పు, చింతపండు రాజధాని కంపాలాలోని ఇండియన్ షాపుల్లో దొరుకుతాయి, కాకపోతే నెలకోసారి తెచ్చుకోవాలి. మిగతా రోజుల్లో వాళ్ళు తినేదే తినండి. ఉడికించిన అరటికాయ ముద్ద, వేరుశనగ పులుసు కొన్నాళ్ళకి మీరే అడిగి వండించుకుంటారు.

1903లో నెల్లూరు నుంచి దక్షిణాఫ్రికాలోని నటాల్‌కి సేవకు వెళ్ళిన మిషనరీ జాన్ రంగయ్య గారికి అక్కడి తోటల్లో కూలికి వెళ్ళిన తెలుగువాళ్ళే సంఘం అయ్యారు. మీకు ఆ వీలు లేదు. అక్కడి భాష లుగాండా మొదటి రోజు నుంచీ నేర్చుకోవాలి. పైగా అక్కడ మన మొహం చూడగానే షాపు యజమాని అనుకుంటారు. 1972లో అప్పటి ఉగాండా అధ్యక్షుడు ఈదీ అమీన్ మనవాళ్ళని 90 రోజుల్లో దేశం విడిచిపొమ్మన్నాడు. తర్వాత తిరిగి వచ్చి వ్యాపారాలు పెట్టుకున్నవాళ్ళూ చాలామంది ఉన్నారు. అందుకే పనిమనిషితో, బోడా (అద్దె మోటార్ సైకిల్) నడిపే అబ్బాయితో మీరు ఏ గొంతుతో మాట్లాడతారో ఊరంతా గమనిస్తుంది. ఇంటికి వెళ్ళినప్పుడు పలకరింపులు పూర్తయ్యేదాకా అసలు విషయం ఎత్తొద్దు. ఊళ్ళో ఎవరు పోయినా సమాధికి వెళ్ళండి, చేతనైనంత చందా ఇవ్వండి, చాప మీద వాళ్ళ పక్కన కూర్చోండి. మీటింగు మానుకునైనా సరే వెళ్ళండి.

డబ్బు విషయం అన్నిటికంటే కష్టం. అక్కడ బడికి ఏడాదికి మూడు టర్ములు. ప్రతి టర్ము మొదలయ్యే వారం ఫీజు కోసం మీ గుమ్మం ముందు తల్లులు నిలబడతారు. వాళ్ళ అవసరం నిజమైనదే, కాదనడానికి నోరు రాదు. అయినా మీ చేత్తో మీరు ఇవ్వొద్దు. ఇవ్వగలిగినంత అక్కడి సంఘ పెద్దల చేతిలో పెట్టండి, ఎవరికి ఇవ్వాలో వాళ్ళకి మీకంటే బాగా తెలుసు. మీరే పంచితే మీ ఇల్లు ఆఫీసైపోతుంది, అక్కడి పాస్టరు మీ వెనక నిలబడాల్సి వస్తుంది. అది నాకు అస్సలు ఇష్టం లేదు.

ఇక్కడి సంఘాలు ఫొటోలు అడుగుతాయి, ఎంతమంది బాప్తిస్మం తీసుకున్నారని లెక్క అడుగుతాయి. చిరిగిన బట్టల్లో ఉన్న పిల్లల ఫొటోలు పంపొద్దు. సపోర్ట్ తగ్గినా పర్లేదు, ఆ తల్లి చూస్తే సిగ్గుపడేది ఏదీ ఇక్కడికి రాకూడదు. అయితే మీ కష్టం మాత్రం దాచొద్దు. బియ్యం అయిపోతే అయిపోయాయని రాయండి. మొదటి కొన్ని నెలలకి సరిపడా డబ్బు చేతిలో ఉంచుకునే బయల్దేరండి. సపోర్ట్ ఇస్తామన్న సంఘాలన్నీ ప్రతి నెలా పంపుతాయన్న నమ్మకం పెట్టుకోకండి.

అమ్మాయ్, నీకొక్క మాట. వారానికోసారి మీ అమ్మకి ఫోన్ చెయ్యి. ఇక్కడ రాత్రి ఎనిమిదైతే అక్కడ సాయంత్రం ఐదున్నర. ఏడుపొస్తే ఏడువు, సేవకురాలు ఏడవకూడదని ఎక్కడా రాసిలేదు. నీ ఈడు పొరుగామె ఒకరితో స్నేహం చేసుకో. భాష కూడా ఆమె దగ్గరే తొందరగా వస్తుంది.

ఆదివారం ఆరాధన అయ్యాక ఇద్దరూ భోజనానికి రండి. పర్మిట్ కాగితాలు, ఆహ్వాన లేఖ వెంట తీసుకురండి, అంకుల్ ఒకసారి చూస్తానన్నారు.

మీ కోసం ప్రార్థిస్తూ,
ఆంటీ