మూలపురుషుడి ఓడ దొరకడం లేదా? భూమి కాగితాలు వెతకండి

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

*ప్రశ్న: మా కోడలి పుట్టింటివారి మూలపురుషుడు 1740 ప్రాంతంలో ఐర్లండ్ నుంచి పెన్సిల్వేనియాకు వచ్చాడని వాళ్లింట్లో చెప్పుకుంటారు. ఓడ ప్రయాణికుల జాబితాలన్నీ గాలించాం. ఎక్కడా పేరు లేదు. పేరు మార్చుకుని వచ్చాడంటారా?*

పేరు మార్చుకోలేదండీ, అసలు జాబితాయే లేదు. ఓడలో ఎవరెవరు దిగారో రాసి ఇవ్వాలని అమెరికా ప్రభుత్వం చట్టం చేసింది 1819లో, జాబితాలు మొదలైంది 1820లో. అంతకు ముందు ఫిలడెల్ఫియాలో 1727 నుంచి కొన్ని జాబితాలున్న మాట నిజమే. కానీ అవి జర్మన్ల కోసం. పరాయి రాజ్యం వాళ్లు కాబట్టి వాళ్ల చేత విధేయత ప్రమాణం చేయించి సంతకం పెట్టించుకున్నారు. ఐర్లండ్ నుంచి వచ్చినవాడు అప్పటికే బ్రిటిష్ రాజు ప్రజ. అతనికి ప్రమాణం అక్కర్లేదు, పౌరసత్వం కాగితమూ అక్కర్లేదు. ఆ రెండు రికార్డుల్లో అతను లేకపోవడం వింత కాదు, ఉంటేనే వింత.

ఒక హెచ్చరిక. వలసదారుల పేర్ల సూచికల్లో “1740, పెన్సిల్వేనియా” అని కనిపిస్తే అది ఓడ దిగిన ఏడు అనుకోకండి. చాలాసార్లు అది అతని పేరు ఏదో ఒక కాగితంలో మొదటిసారి కనిపించిన ఏడు మాత్రమే. మనిషి అప్పటికి పదేళ్ల ముందే వచ్చి ఉండొచ్చు.

ఓడ పేరు దొరక్కపోయినా అతను వచ్చిన తీరు ఊహించవచ్చు. సన్నటి లినెన్ నూలు కావాలంటే అవిసె మొక్కను గింజ ముదరకముందే పీకాలి. దాంతో ఐర్లండ్ రైతుకు విత్తనం మిగలదు, ఏటా బయటి నుంచి కొనాల్సిందే. పెన్సిల్వేనియా అవిసె గింజలు మోసుకెళ్లిన ఓడలు డెర్రీ, బెల్‌ఫాస్ట్, న్యూరీ, లార్న్ రేవుల నుంచి తిరుగు ప్రయాణంలో మనుషుల్ని ఎక్కించుకునేవి. చాలామంది ఫిలడెల్ఫియా దాకా పోకుండా డెలావేర్ నది ఒడ్డున న్యూ కాజిల్‌లోనే దిగిపోయారు. 1737లో మొదలైన బెల్‌ఫాస్ట్ న్యూస్‌లెటర్ పత్రికలో ఈ ఓడల ప్రకటనలుంటాయి. ఓడ, కెప్టెన్, బయల్దేరే రేవు ఉంటాయి కానీ ప్రయాణికుల పేర్లుండవు. ఆ ప్రకటన చూసి “ఇదే మావాడి ఓడ” అని వంశవృక్షంలో రాసేయకండి.

*ప్రశ్న: ఓడ లేదంటే మరి ఎక్కడ మొదలుపెట్టాలి?*

భూమి దగ్గర. ఆ కాలపు సామాన్యుడికి పెళ్లి రికార్డు దొరక్కపోవచ్చు, సమాధి రాయి ఉండకపోవచ్చు. భూమి తీసుకున్నవాడైతే కాగితం మాత్రం మిగిలే అవకాశం ఎక్కువ.

పెన్సిల్వేనియాలో కాలనీ యజమానులైన పెన్ కుటుంబం దగ్గర భూమి పొందాలంటే ఐదు మెట్లు: దరఖాస్తు, వారంట్ (భూమి కొలవమని ఇచ్చే ఉత్తర్వు), సర్వే, రిటర్న్ (కొలత వివరాలు కచేరీకి తిరిగి పంపడం), చివరగా పట్టా. ఇవి హారిస్‌బర్గ్‌లోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. చాలామంది పట్టా ఒక్కటే చూసి ఊరుకుంటారు. అక్కడే బోల్తా పడతారు. 1732 నుంచి 1765 దాకా 100 ఎకరాల ధర 15 పౌండ్ల 10 షిల్లింగులు, దాంతో పాటు ఎకరానికి ఏటా అర పెన్నీ శిస్తు. అంత డబ్బు ఒక్కసారిగా లేక వారంట్ తీసుకుని పట్టా వాయిదా వేసినవాళ్లు ఎందరో. కొడుకో మనవడో ముప్పై నలభై ఏళ్ల తర్వాత పట్టా పుచ్చుకున్న సందర్భాలున్నాయి. ఆలస్యంగా వచ్చిన పట్టాలో మనకో లాభముంది: ఎవరి వారంట్, ఎవరు ఎవరికి అమ్మారు, ఎవరు చనిపోతే ఎవరికి సంక్రమించింది అన్న వరుసంతా అందులో తిరగరాస్తారు.

వారంట్‌లో తేదీ కంటే విలువైన ముక్క ఒకటుంది. “వడ్డీ, శిస్తు ఫలానా తేదీ నుంచి మొదలు” అని రాసి ఉంటుంది. ముందుగానే గుడిసె వేసుకుని దున్నుకుంటున్నవాడికి ఆ తేదీ వారంట్ కంటే ఏళ్ల వెనక ఉంటుంది. అంటే అతను ఆ నేల మీదికి వచ్చిన కాలం దాదాపు మీ చేతికి వచ్చినట్టే.

ఇక సర్వే. చెక్కుబందీ ఇలా నడుస్తుంది: “తెల్ల ఓక్ చెట్టు దగ్గర మొదలై, ఉత్తరం నుంచి తూర్పుకు 30 డిగ్రీలు, 80 పెర్చ్‌లు, అక్కడ ఒక గుంజ...” పెర్చ్ అంటే పదహారున్నర అడుగులు. 80 పెర్చ్‌లు పావు మైలు. 160 చదరపు పెర్చ్‌లు ఒక ఎకరం. గళ్ల కాగితం, కోణమానిని తీసుకుని 10 పెర్చ్‌లకు ఒక సెంటీమీటర్ చొప్పున గీయండి. ఆఖరి గీత మళ్లీ ఆ ఓక్ చెట్టు దగ్గరికి చేరాలి. చేరలేదంటే ముందు తూర్పు, పడమర అక్షరాలు సరిగ్గా చదివారో లేదో చూడండి. నకలు రాసిన గుమస్తా ఒక గీత మొత్తం వదిలేసిన సందర్భాలూ ఉంటాయి. మీ లెక్కలో 106 ఎకరాలు వచ్చి కాగితంలో 100 అని ఉంటే కంగారు పడకండి. పెన్సిల్వేనియాలో దారుల కోసం నూటికి ఆరు వంతులు అదనంగా కొలిచి ఇచ్చేవారు.

గీసినదాని నాలుగు పక్కలా హద్దుదారుల పేర్లుంటాయి. అసలు నిధి అదే. వాళ్ల సర్వేలు కూడా గీసి పక్కపక్కన అతికించండి. ఐర్లండ్ నుంచి ఒక్క మనిషి ఊరికే రాడు. బావమరుదులు, మేనమామలు, ఒకే చర్చివాళ్లు కలిసి వచ్చి పక్కపక్కనే దిగుతారు. మీవాడి ఐర్లండ్ ఊరు ఏ కాగితంలోనూ లేకపోయినా పక్క పొలం ఆసామి వీలునామాలో దొరకొచ్చు.

కౌంటీలు (మన జిల్లాల్లాంటివి) విడిపోయిన సంగతి మరిచిపోకండి. 1729లో చెస్టర్ నుంచి లాంకాస్టర్ విడిపోయింది, లాంకాస్టర్ నుంచి 1749లో యార్క్, 1750లో కంబర్లాండ్. మనిషి కదలకుండానే కౌంటీ మారుతుంది. పాత దస్తావేజులు మాత్రం పాత కౌంటీ కచేరీలోనే ఉండిపోతాయి.

*ప్రశ్న: వీలునామా రాసింది 1741 డిసెంబర్ 20న. కోర్టులో రుజువు పరిచింది 1741 ఫిబ్రవరి 15న అని ఉంది. దొంగ కాగితమా?*

కాదు. 1752కు ముందు కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. ఆ ఫిబ్రవరి మన లెక్కలో 1742. నోట్సులో 1741/42 అని రెండూ రాసుకోండి, దిద్దకండి. క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్ల రికార్డయితే ఇంకో మెలిక: వాళ్లు నెలల పేర్లు పలకరు, “ఒకటో నెల” అంటే అప్పట్లో మార్చి.

పౌండ్ల సంగతీ పనిలో పనిగా. పెన్సిల్వేనియా పౌండు లండన్ పౌండు కాదు. స్పెయిన్ వెండి డాలర్ లండన్ లెక్కలో 4 షిల్లింగుల 6 పెన్నీలు, వర్జీనియాలో 6 షిల్లింగులు, పెన్సిల్వేనియాలో 7 షిల్లింగుల 6 పెన్నీలు, న్యూయార్క్‌లో 8. పౌండుకు 20 షిల్లింగులు, షిల్లింగుకు 12 పెన్నీలు. రెండు కాలనీల ఆస్తులు పోల్చాలంటే ముందు రెండింటినీ డాలర్లలోకి మార్చాలి. పైన చెప్పిన 100 ఎకరాల ధర సుమారు 41 డాలర్లు.

*ప్రశ్న: ఒకే టౌన్‌షిప్‌లో (కౌంటీలో ఒక భాగం) ఒకే పేరుతో ముగ్గురున్నారు. ఒకరికి సీనియర్, ఒకరికి జూనియర్ అని ఉంది. తండ్రీకొడుకులేనా?*

అనుకోవడానికి వీల్లేదు. ఆ రోజుల్లో సీనియర్, జూనియర్ అంటే ఆ చుట్టుపక్కల అదే పేరున్న పెద్దవాడు, చిన్నవాడు అంతే. బాబాయి, అన్న కొడుకు కావచ్చు, ఏ చుట్టరికమూ లేకపోవచ్చు. పెద్దాయన పోగానే జూనియర్ కాస్తా సీనియర్ అవుతాడు! “కజిన్” అంటే మేనల్లుడు కావచ్చు, “సన్ ఇన్ లా” అంటే అల్లుడే కాక సవతి కొడుకూ కావచ్చు.

విడదీయడానికి ఒక పట్టిక వేయండి. ఏడాదికో వరస, ఒక్కో మనిషికో గడి. పన్ను చిట్టా, భూమి, భార్య పేరు, సంతకమా వేలిముద్రలాంటి గుర్తా అన్నీ అందులో పడాలి. ఒకడు సంతకం చేస్తాడు, ఇంకొకడు తన పేరు మొదటి అక్షరమో ఏదో గుర్తో పెడతాడు. ఆ గుర్తు ఏళ్ల తరబడి మారకుండా ఉంటే మనిషిని పట్టిస్తుంది. కానీ దస్తావేజు పుస్తకంలో ఉన్నది గుమస్తా నకలు, అసలు సంతకం కాదు. అసలు వీలునామా కట్ట తెప్పించుకుని చూడాలి.

పెన్సిల్వేనియా పన్ను చిట్టాలో “సింగిల్ ఫ్రీమన్” అంటే 21 దాటిన పెళ్లికాని మగవాడు. ఒక పేరు ఈ ఏడు ఆ వరసలో మొదటిసారి కనిపించి, మూడేళ్ల తర్వాత ఇళ్లున్నవాళ్లలోకి మారిందంటే పుట్టిన ఏడు, పెళ్లైన ఏడు రెండూ సుమారుగా దొరికినట్టే. వర్జీనియాలో లెక్క వేరు, అక్కడ 16 దాటిన మగవాళ్లంతా పన్ను లెక్కలోకి వస్తారు.

వీలునామాలో పెద్దకొడుకు పేరు లేదని అతన్ని వదిలేయకండి. ముందే పొలం రాసిచ్చి ఉంటారు. వీలునామా లేకుండా పోతే వర్జీనియాలో భూమంతా పెద్దకొడుకుదే, పెన్సిల్వేనియాలో అతనికి రెండు వాటాలు. వీలునామాతో పాటు ఉండే సామాన్ల జాబితా కూడా చదవండి. మగ్గం, రాట్నాలు, అవిసె నార దువ్వే ఇనుప దువ్వెన కనిపిస్తే అది ఐర్లండ్ ఉత్తర ప్రాంతమైన అల్‌స్టర్ నేతగాళ్ల ఇల్లు కావచ్చు.

*ప్రశ్న: మావాడు ఒప్పంద సేవకుడిగా వచ్చాడంటారు. రుజువు దొరుకుతుందా?*

అదృష్టం ఉంటే. ప్రయాణం ఖర్చుకు బదులు కొన్నేళ్లు చాకిరీ చేస్తానని ఒప్పుకుని వచ్చినవాళ్ల పుస్తకాలు ఫిలడెల్ఫియా మేయర్ కచేరీవి రెండు కాలాలవి మిగిలాయి: 1745–46, 1771–73. మిగతా ఏళ్లకు పారిపోయినవాళ్ల ప్రకటనలే దిక్కు. 1728లో మొదలైన పెన్సిల్వేనియా గెజెట్‌లో యజమానులు వేయించిన ప్రకటనల్లో వయసు, ఎత్తు, జుట్టు, వేసుకున్న కోటు, ఐరిష్ యాస ఎంత ఉందో కూడా రాస్తారు. బుద్ధిగా పనిచేసినవాడి కంటే పారిపోయినవాడి గురించే మనకు ఎక్కువ తెలుస్తుంది. యజమాని చనిపోతే సామాన్ల జాబితాలో ఆవులు, గుర్రాల మధ్య “సేవకుడి మిగిలిన కాలం” అని వెలకట్టి ఉంటుంది. అక్కడా చూడండి.

*ప్రశ్న: 1740 తర్వాత పెన్సిల్వేనియా చిట్టాల్లో మావాడి పేరు మాయమైంది. చనిపోయాడా?*

వీలునామా, ఆస్తి పంపకం ఏదీ లేకపోతే దక్షిణానికి పోయాడనుకోండి. ఫిలడెల్ఫియా నుంచి లాంకాస్టర్, యార్క్ మీదుగా షెనండోవా లోయలోకి దిగి కరొలైనాల దాకా పోయే బండ్ల బాట ఉండేది. చిట్టాలో మీవాడితో పాటే మాయమైన పేర్లు రాసుకుని అవే పేర్లు గుంపుగా ఎక్కడ తేలాయో వెతకండి.

వర్జీనియాలో ఆరెంజ్ కౌంటీ కోర్టు ఉత్తర్వుల పుస్తకాలు ముందు తీయండి. సొంత ఖర్చుతో వచ్చినవాడికి తలకు 50 ఎకరాల హక్కు ఉండేది. దానికోసం 1740 ప్రాంతంలో ఎందరో కోర్టుకు వచ్చి, తాను, భార్య, ఫలానా పిల్లలు సొంత ఖర్చుతో ఐర్లండ్ నుంచి ఫిలడెల్ఫియాకు, అక్కడి నుంచి ఈ కాలనీకి వచ్చామని ప్రమాణం చేశారు. ఓడ జాబితా ఇవ్వనిది ఈ ఒక్క పేరా ఇస్తుంది: కుటుంబం మొత్తం, వచ్చిన దారి. అయితే అది ప్రమాణం చేసిన తేదీ, దిగిన తేదీ కాదు. పైగా ఈ హక్కులు చేతులు మారేవి. వేరొకరి పట్టాలో మీవాడి పేరుంటే అతను ఆ పొలంలో ఉన్నాడని అర్థం కాదు.

దక్షిణ కరొలైనా 1761 చట్టంతో పేద ప్రొటెస్టెంట్లకు ప్రయాణం ఖర్చు ఇచ్చింది. అలా వచ్చినవాళ్ల పేర్లు అక్కడి కౌన్సిల్ జర్నల్స్‌లో ఓడలవారీగా ఉన్నాయి. ఆ కాలం, ఆ కాలనీ అయితే ఓడ పేరు నిజంగానే దొరకొచ్చు.

*ప్రశ్న: ఐర్లండ్‌లో ఊరు కనుక్కోవడం ఎలా? దస్తావేజులో “డెర్రీ వాస్తవ్యుడు” అని ఉంది.*

ముందు అది ఏ డెర్రీయో తేల్చండి. పెన్సిల్వేనియాలోనే డెర్రీ, డొనెగాల్, ఆంట్రిమ్ అనే టౌన్‌షిప్‌లున్నాయి. సముద్రం దాటిన కాగితం అనుకున్నది పక్క కౌంటీది కావడం మామూలే.

ఐర్లండ్‌లో టౌన్‌ల్యాండ్‌లు, అంటే అక్కడి అతి చిన్న భూవిభాగాలు, 60 వేలకు పైనే. అమెరికాలో గుంపు పేర్లన్నీ సిద్ధం కాకముందే అక్కడ వెతికితే గడ్డివాములో సూదే. 1922 జూన్ 30న డబ్లిన్‌లో పబ్లిక్ రికార్డ్ ఆఫీసు తగలబడి వీలునామాలు, చర్చి రిజిస్టర్లు పెద్ద ఎత్తున పోయాయి. నకళ్ల రూపంలో మిగిలినవాటిలో 1740 ప్రొటెస్టెంట్ గృహస్థుల జాబితా, 1766 మతాల లెక్క ముఖ్యం. రెండూ కొన్ని ప్రాంతాలవే. మీ దగ్గరున్న ఏడెనిమిది ఇంటిపేర్లూ ఒకే పారిష్‌లో (ఒక చర్చి పరిధిలోని ప్రాంతం) కలిసి కనిపిస్తే ఆ పారిష్ మీద దృష్టి పెట్టండి. డబ్లిన్ రిజిస్ట్రీ ఆఫ్ డీడ్స్ 1708 నుంచి ఉంది, కాలలేదు. అక్కడి కౌళ్లు చాలావరకు మూడు ప్రాణాల కౌళ్లు: పేరు రాసిన ముగ్గురిలో ఆఖరివాడు బతికున్నంత కాలం చెల్లుతాయి. అందుకని రైతు తన చిన్నపిల్లల పేర్లు వయసుతో సహా రాయించేవాడు. కాథలిక్కులకు 1704 నుంచి 1778 దాకా 31 ఏళ్లకు మించిన కౌలు చట్టం ఒప్పుకోలేదు కాబట్టి వాళ్లు ఇందులో అరుదు.

*ప్రశ్న: డీఎన్ఏ పరీక్షతో తేలిపోదా?*

మామూలు పరీక్షలో ఒక్కో తరానికి పూర్వీకుడి వాటా సగమవుతూ వస్తుంది. ఎనిమిది తొమ్మిది తరాల వెనకటివాడి ముక్క మీ కోడలిలో ఒక్కటీ మిగలకపోవచ్చు. వై డీఎన్ఏ తండ్రి నుంచి కొడుక్కి దాదాపు మారకుండా దిగుతుంది కనుక ఆ ఇంటిపేరున్న మగవాడు చేయించుకోవాలి. ఒక్కరితో లాభం లేదు. మూలపురుషుడి ఇద్దరు వేర్వేరు కొడుకుల వంశాల నుంచి, కాగితాలతో రుజువైన ఒక్కొక్కరు చేయించుకుని ఇద్దరివీ కలిస్తే అది ఆయన గుర్తు. అదే గుర్తు అల్‌స్టర్‌లో ఇంకా ఉన్న ఒక కుటుంబానికి కలిస్తే ఆ కుటుంబం ఏ టౌన్‌ల్యాండ్‌దో అడగండి.